గెయిన్ పెంచితే వెలుగు పెరుగుతుందా?

మీ ఇంట్లో పాత ఈసీజీ కాగితం ఉంటే ఒకసారి తీసి చూడండి. గీత మొదట్లోనో చివరనో గడపలా నిలబడిన చిన్న గుర్తు ఒకటి కనిపిస్తుంది. దాని ఎత్తు 10 మిల్లీమీటర్లు. గుండె నుంచి వచ్చే 1 మిల్లీవోల్టు విద్యుత్తును ఈ యంత్రం 10 మిల్లీమీటర్ల ఎత్తున గీసి చూపుతున్నదని ఆ గుర్తుకు అర్థం. దీనినే గెయిన్ అంటారు. గీతలు మరీ పొట్టిగా ఉంటే గెయిన్‌ను రెట్టింపు చేసి 20కి పెట్టవచ్చు. ఒకదాని మీద ఒకటి పడేటంత పొడవుగా ఉంటే సగానికి, అంటే 5కి తగ్గించవచ్చు. ఏది చేసినా మారేది కాగితం మీది గీత మాత్రమే. గుండె కొట్టుకునే తీరు కాదు. చలికి వణుకుతున్న రోగికి గెయిన్ పెంచితే గుండె గీతతో పాటు కండరాల వణుకు కూడా రెట్టింపై కనిపిస్తుంది.

అదే పరీక్షలో రెండో సంగతి కాలం. మామూలు ఈసీజీ దాదాపు 10 సెకన్ల గుండె కథ. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లయ తప్పే గుండెను ఆ 10 సెకన్లలో పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని. అక్కడ గెయిన్ ఎంత పెంచినా ప్రయోజనం లేదు. 24 గంటలు ఒంటి మీదనే ఉండి ప్రతి స్పందననూ నమోదు చేసే హోల్టర్ యంత్రం కావాలి.

ఉద్యోగ విరమణ తరువాత నేను నేర్చుకున్న విద్య ఖగోళ ఛాయాగ్రహణం. 80 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శిని, దానికి బిగించే బొటనవ్రేలంత సెన్సర్ గల కెమెరా, ఒక ల్యాప్‌టాప్, అందులో షార్ప్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్: నా సరంజామా ఇంతే. ఆ సాఫ్ట్‌వేర్ తెరిచిన వారికి మొదట ఎదురయ్యేవి రెండు మీటలు. ఒకటి ఎక్స్‌పోజర్, అంటే కెమెరా ఎంతసేపు వెలుగును పట్టాలన్నది. రెండవది గెయిన్, అంటే పట్టిన వెలుగును ఎన్ని రెట్లు చేసి చూపాలన్నది. నలభై ఏళ్ళు ఆసుపత్రులలో నేను చేసిన పనికీ ఈ రెండు మీటలకూ దగ్గరి చుట్టరికం ఉన్నదని తోచి, ఆరోగ్య విషయాలు చదవడానికి వచ్చిన మీకు ఈ వ్యాసం వినిపిస్తున్నాను.

కంటికి లేని సౌకర్యం

ముందు మన కంటి సంగతి చెప్పుకొందాం. చీకటిలో యువకుని కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. డెబ్బై దాటిన వారిలో అది 5 మిల్లీమీటర్లు తెరుచుకోవడమే కష్టం. వైశాల్యం లెక్కన ఇది సగం వెలుగు. కంటి కటకం పసుపెక్కడం వల్ల మరికొంత పోతుంది. అరవై ఏళ్ళ మనిషి రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ళ వానికి చేరే దానిలో మూడో వంతు మాత్రమేనని కంటి వైద్యంలో ఒక పాత లెక్క.

నా కుడి కంటికి శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చారు. ఎడమ కంటిలో రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు వయసు వల్ల వచ్చే మార్పులు మొదలయ్యాయి. గళ్ళ కాగితం ఒకటి గోడకు అంటించుకొని, ఒక్కో కన్ను మూసి, గీతలు వంకరగా కనిపిస్తున్నాయా అని చూసుకోవడం నాకిప్పుడు దినచర్య. అరవై దాటిన మీరూ ఆ అలవాటు చేసుకోండి. గీతలు వంగినట్టు కనిపిస్తే, నడుమ మచ్చ తోస్తే, ఆ వారంలోనే కంటి వైద్యుని కలవండి.

చీకటిలోకి వెళ్ళిన కన్ను వెంటనే సిద్ధపడదు. రంగులు చూసే కోన్ కణాలు 10 నిమిషాలలోపు సర్దుకుంటాయి. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలలోని రొడాప్సిన్ అనే పదార్థం తిరిగి నిండడానికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. దాని తయారీకి విటమిన్ ఏ అవసరం. అది లోపిస్తే రేచీకటి వస్తుంది. అంటే గెయిన్ పెంచుకోవడం కంటికి తెలుసు. తెలియనిది ఎక్స్‌పోజర్ పెంచుకోవడం. కన్ను ఒకసారికి సెకనులో పదో వంతు కాలం పాటు వచ్చిన వెలుగును మాత్రమే కూడుకోగలదు. ఆ వెంటనే చెరిపి మళ్ళీ మొదలుపెడుతుంది. మసక నక్షత్రాన్ని గంటసేపు చూసినా మొదటి క్షణం కంటే పెద్దగా వెలగదు.

కెమెరా అలా కాదు. తలుపు తీసి ఉంచినంతసేపూ వెలుగు రేణువులను, అంటే ఫోటాన్లను, కూడబెట్టుకుంటూనే ఉంటుంది. గొల్లకావడి అని మన పెద్దలు పిలిచిన మూడు చుక్కలకు కొంచెం దక్షిణంగా మంచుముద్దలా ఒక మసక కనిపిస్తుంది. అది ఓరియన్ నెబ్యులా. కొత్త నక్షత్రాలు పుట్టే మేఘం. దూరం సుమారు 1,340 కాంతి సంవత్సరాలు. బాదామి చాళుక్యులు ఏలిన కాలంలో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన దగ్గరకు వస్తున్నది. నా కంటికి అది ఊదిన పొగ. కెమెరాకు 30 సెకన్లు వ్యవధి ఇస్తే గులాబీ రంగు రెక్కలు విప్పుతుంది.

గెయిన్ చేసేదేమిటి, చేయనిదేమిటి

మా హిందూపురంలో మేడమీద కెమెరా పెట్టుకున్న వారెవరైనా సహజంగా చేసే పని, చిత్రం నల్లగా ఉన్నదని గెయిన్‌ను చివరికంటా నెట్టడం. తెర తెల్లబడుతుంది, నెబ్యులా కనిపించినట్టే ఉంటుంది, దానితో పాటు ఇసుక చల్లినట్టు గరుకుదనం నిండుతుంది. ఆ గరుకుదనాన్నే నాయిస్ అంటారు. తెలుగులో రొద అనుకోవచ్చు.

ఆ రొద ఎక్కడిది? చాలా భాగం కెమెరాలో పుట్టదు, వెలుగులోనే ఉంటుంది. చినుకులు మొదలైనప్పుడు ముంగిట్లో రెండు గిన్నెలు పెట్టండి. అర నిమిషానికి ఒకదానిలో 7 చినుకులు, మరొకదానిలో 12 పడవచ్చు. గంట వాన కురిసిన తరువాత రెండింటిలోనూ నీరు దాదాపు ఒకే మట్టానికి ఉంటుంది. ఫోటాన్లూ చినుకుల లాంటివే. సగటున 100 రావలసిన చోట 10 అటో ఇటో అవుతాయి. ఆ తేడా నూటికి 10. 10,000 రావలసిన చోట 100 అటో ఇటో అవుతాయి. తేడా నూటికి 1 మాత్రమే. కాలం నాలుగు రెట్లయితే చిత్రం రెండు రెట్లు నునుపవుతుంది. కాలం నూరు రెట్లయితే పది రెట్లు. ఇది ప్రకృతి లెక్క. ఏ సాఫ్ట్‌వేరూ దీనిని దాటలేదు.

గెయిన్ ఈ లెక్కలోకి రాదు. 7 చినుకులను 70గా, 12 చినుకులను 120గా చూపిస్తుంది. ఎనిమిదో చినుకును తేలేదు.

అయితే గెయిన్‌ను సున్నా వద్దనే ఉంచాలా అంటే, అదీ కాదు. సెన్సర్ తాను పట్టిన వెలుగును లెక్కపెట్టి కంప్యూటరుకు చెప్పేటప్పుడు ప్రతిసారీ కొద్దిపాటి పొరపాటు దొర్లుతుంది. దానిని రీడ్ నాయిస్ అంటారు. తక్కువ గెయిన్ వద్ద అది ఒక పిక్సెల్‌కు 3 ఎలక్ట్రాన్లు ఉంటే, ఎక్కువ గెయిన్ వద్ద 1.5కు దిగవచ్చు. ఇప్పటి కొన్ని కెమెరాలలో గెయిన్ 100 లేదా 120 వద్దకు రాగానే అది ఒక్కసారిగా పడిపోతుంది. అంతవరకు గెయిన్ పెంచడం లాభసాటి బేరం.

ఆ తరువాత నష్టం మొదలవుతుంది. జడ్‌డబ్ల్యూఓ వంటి కెమెరాలలో గెయిన్ అంకె డెసిబెల్‌లో పదో వంతుకు గుర్తు. 60 పెంచితే సంకేతం దాదాపు రెట్టింపు. 200 పెంచితే పది రెట్లు. ప్రతి 60కి పిక్సెల్ గిన్నెలో పట్టే వెలుగు సగానికి తగ్గుతుంది. సున్నా వద్ద 16,000 ఎలక్ట్రాన్లు పట్టే గిన్నె 60 వద్ద 8,000కు, 120 వద్ద 4,000కు, 180 వద్ద 2,000కు కుంచించుకుపోయినట్టు లెక్క. గిన్నె చిన్నదైతే ప్రకాశవంతమైన నక్షత్రం క్షణాల్లో దానిని పొర్లిస్తుంది. ఎర్రని ఆర్ద్ర, నీలితెల్లని లుబ్ధకుడు రెండూ ఒకే సున్నపు చుక్కలవుతాయి. పోయిన ఆ రంగును తరువాత ఎవరూ తిరిగి తేలేరు.

నూరు క్షేత్రాల నియమం

క్షయ నిర్ధారణకు తెమడ పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్లను పెనుకొండలోనూ ధర్మవరంలోనూ చాలా ఏళ్ళు దగ్గరగా చూశాను. సూక్ష్మదర్శినిలో వస్తువు వెయ్యి రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. క్షయ క్రిములు నీలి నేపథ్యంలో సన్నని ఎర్రని పుల్లల్లా ఉంటాయి. ఒకసారి కన్ను పెట్టి చూస్తే కనిపించే గుండ్రని మేరను ఒక క్షేత్రం అంటారు. క్రిములు లేవని రాయాలంటే కనీసం 100 క్షేత్రాలు చూసి తీరాలన్నది నియమం. 100 క్షేత్రాలలో 1 నుంచి 9 క్రిములు మాత్రమే కనిపించినా ఆ సంఖ్యను నమోదు చేయాలి.

ఈ నియమం వెనుక ఉన్నది ఎక్స్‌పోజర్ సూత్రమే. అరుదైన దానిని పట్టుకోవడానికి పెద్దది చేసి చూడడం చాలదు. ఎక్కువ చోట్ల, ఎక్కువసేపు చూడాలి. పది క్షేత్రాలు చూసి లేవని రాసేస్తే, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే అద్దం ఉండి కూడా ఒక రోగి ఇంటికి వెళ్ళి దగ్గుతూనే ఉంటాడు. ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చుని, తొంభై తొమ్మిదవ క్షేత్రం తరువాత నూరవది కూడా చూసే టెక్నీషియన్ ఓపిక మీద ఎన్ని కుటుంబాలు నిలబడి ఉంటాయో బయటివారికి తెలియదు.

ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు?

ఇక కెమెరాకు ఒక్కసారిగా గంటసేపు తలుపు తీసి ఉంచనక్కరలేదు. చిన్న చిన్న ఫ్రేములుగా తీసి, వాటిని సాఫ్ట్‌వేర్ చేత ఒకదాని మీద ఒకటి పేర్పించవచ్చు. దీనిని స్టాకింగ్ అంటారు. ఒక విమానం అడ్డు వచ్చినా, గాలికి దూరదర్శిని కదిలినా ఆ ఒక్క ఫ్రేమును పారేస్తే సరిపోతుంది.

మరి ఒక్కో ఫ్రేము ఎంతసేపు? షార్ప్‌క్యాప్‌ను రూపొందించిన రాబిన్ గ్లోవర్ దీనికొక తేలికైన లెక్క ప్రచారంలోకి తెచ్చారు. రీడ్ నాయిస్‌ను దానితోనే గుణించి, వచ్చినదాన్ని 10 రెట్లు చేసి, ఆకాశపు మసక వెలుగు ఒక పిక్సెల్‌లో సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు నింపుతున్నదో దానితో భాగిస్తే ఒక ఫ్రేముకు చాలినన్ని సెకన్లు వస్తాయి. అంతసేపు తీస్తే కెమెరా పొరపాటు వల్ల రొద నూటికి 5 వంతులు మాత్రమే పెరుగుతుంది. అంతకు మించి తీసినందువల్ల పెద్ద లాభం లేదు.

ఉదాహరణకు రీడ్ నాయిస్ 1.5 అనుకొందాం. వీధి దీపాల నడుమ హిందూపురంలో ఆకాశం సెకనుకు 5 ఎలక్ట్రాన్లు నింపితే ఒక్కో ఫ్రేముకు 4.5 సెకన్లు చాలు. పెనుకొండ దాటి, దీపాలు లేని చేనిగట్టున అది 0.5 అయితే 45 సెకన్లు కావాలి. ఇవి లెక్క బోధపడడానికి తీసుకున్న అంకెలు. మీ కెమెరాకు, మీ ఊరి ఆకాశానికి ఎంతో షార్ప్‌క్యాప్ తానే కొలిచి చెబుతుంది.

ఇది చూసి పట్టణంలోనే సుఖం అనుకోకండి. ఫ్రేము చిన్నదైనా మొత్తం కాలం పెరుగుతుంది. ఆకాశం పది రెట్లు వెలుగుగా ఉంటే, మసకగా ఉండే నెబ్యులాను అంతే నునుపుగా తీయడానికి మొత్తం మీద పది రెట్ల కాలం పడుతుంది. చేనిగట్టున 45 సెకన్ల ఫ్రేములు 80 తీస్తే ఒక గంట. అదే ఫలితం మేడమీద రావాలంటే 4.5 సెకన్ల ఫ్రేములు 8,000, అంటే పది గంటలు. గంట ప్రయాణం తొమ్మిది గంటలను మిగులుస్తుంది. హిందూపురానికి దక్షిణాన దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో బెంగళూరు ఉన్నది. దాని వెలుగు దిగంతం మీద పసుపు తెరలా నిలుస్తుంది. అందుకే ఏప్రిల్, మే నెలల రాత్రులలో దక్షిణాన 28 డిగ్రీల ఎత్తులో కనిపించే ఒమేగా సెంటారి నక్షత్ర గుచ్ఛాన్ని తీయదలచిన వారు ధర్మవరం వైపు ఎంత ఉత్తరంగా జరిగితే అంత మేలు. ఐరోపాలో చాలా దేశాలవారికి ఆ గుచ్ఛం దిగంతం పైకి రాదు. మనకు ఆ భాగ్యం ఉన్నది.

మన ప్రాంతానికి మరికొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. వర్షం తక్కువ కనుక కార్తికం నుంచి ఫాల్గుణం వరకు నిర్మలమైన రాత్రులు చాలా దొరుకుతాయి. కానీ ధ్రువనక్షత్రం మనకు 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన ఒక కొండ అడ్డు వచ్చినా, దుమ్ము లేచినా కనిపించదు. ఆకాశంతో పాటు తిరిగే పీఠాన్ని సరిగా అమర్చుకోవడానికి ఆ నక్షత్రం అవసరం. భూభ్రమణం వల్ల నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతాయి. నా దూరదర్శినిలో అది సెకనుకు 12 పిక్సెళ్ళు. పీఠం తిరగకపోతే చుక్కలు గీతలవుతాయి. ఇక వేసవి: చల్లబరిచే ఏర్పాటు లేని సెన్సర్‌లో ప్రతి 6, 7 డిగ్రీల వేడికి ఉష్ణం వల్ల పుట్టే రొద రెట్టింపవుతుంది. డిసెంబరు రాత్రి 16 డిగ్రీలకూ, మే నెల రాత్రి 29 డిగ్రీలకూ మధ్య అది నాలుగు రెట్లు. అందుకే ఎక్స్‌పోజర్ పెంచడానికీ ఒక హద్దు ఉన్నది.

కదిలేవాటి సంగతి

పైన చెప్పినదంతా కదలకుండా ఉండే మసక వస్తువులకు. గ్రహాల విషయంలో తూకం తిరగబడుతుంది.

ఏడుస్తున్న పసిబిడ్డకు ఛాతీ ఎక్స్‌రే తీయవలసి వచ్చినప్పుడు రేడియోగ్రాఫర్ ఏం చేస్తాడో గమనించండి. కాలాన్ని వీలైనంత తగ్గించి, కరెంటును పెంచుతాడు. బిడ్డ కదులుతుంది, ఊపిరి కదులుతుంది, గుండె ఆగదు. ఎక్కువసేపు తీస్తే ఊపిరితిత్తుల మీద మసక తప్ప మరేమీ రాదు.

గురుగ్రహం ముందు మన వాతావరణం ఆ బిడ్డలాంటిది. గాలి పొరలు క్షణక్షణం వణుకుతుంటాయి. అందుకే 5 నుంచి 15 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి, గెయిన్‌ను 250, 300 వరకు పెంచి, వీడియోలా వేల ఫ్రేములు తీస్తారు. వాటిలో గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములను, నూటికి పదో ఇరవయ్యో, సాఫ్ట్‌వేర్ ఏరి పేరుస్తుంది. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే గ్రహం కనుక వీడియో రెండు మూడు నిమిషాలు దాటితే మచ్చలు చెదిరిపోతాయి. ఒక్కో ఫ్రేము గరుకుగా ఉన్నా ఫర్వాలేదు, వేల ఫ్రేములు కలిసి ఆ గరుకుదనాన్ని తీర్చేస్తాయి. అంటే ఇక్కడ కూడా పనిచేసింది కాలమే; ముక్కలు ముక్కలుగా ఇచ్చాం. చంద్రుడికి మాత్రం వెలుగుకు కొదవ లేదు. గెయిన్ సున్నా దగ్గర, కొన్ని మిల్లీసెకన్లు చాలు.

మొదలుపెట్టే వారికి నేను చెప్పే క్రమం ఇది. ముందు చుక్క సూదిమొనలా కనిపించే వరకు ఫోకస్ చేయండి. నెబ్యులాలకు గెయిన్‌ను మీ కెమెరా రీడ్ నాయిస్ పడిపోయే అంకె వద్ద నిలిపి, ఇక దానిని ముట్టుకోకండి. తరువాత ఎక్స్‌పోజర్‌ను పెంచుతూ హిస్టోగ్రామ్‌ను చూడండి. ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో చూపే గుట్ట అది. ఆ గుట్ట ఎడమ గోడను వదిలి ఇవతలికి రావాలి. కుడి గోడకు మాత్రం కొద్ది చుక్కలు తప్ప మరేవీ తగలకూడదు. ఎడమ గోడకు అంటుకుపోతే చీకటి భాగంలోని సమాచారం తెగిపోయినట్టు. ఆఫ్‌సెట్ అనే మూడో మీటను కొద్దిగా పెంచి దానిని సరిదిద్దుకోవచ్చు. ఓరియన్ నెబ్యులా నడిబొడ్డు మరీ ప్రకాశవంతం కనుక దానికోసం 3, 4 సెకన్ల ఫ్రేములు విడిగా కొన్ని తీసి తరువాత కలుపుకోవాలి.

గెయిన్ లేని కాలంలో

తెలుగు నేల మీద ఈ పని కొత్తది కాదు. హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో తలపెట్టిన ప్రపంచ నక్షత్ర పట పథకంలో పాలుపంచుకున్నది. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి దేశదేశాల వేధశాలలకు పంచగా, హైదరాబాదుకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. 8 అంగుళాల కుక్ దూరదర్శినితో గాజు పలకల మీద చిత్రాలు తీశారు. ఆర్.జె.పోకాక్, ఆయన తరువాత టి.పి.భాస్కరన్ ఆ పనిని నడిపించారు. లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చు వేశారు.

పలక దూరదర్శినిలో ఉండగా పెంచడానికి వారికి గెయిన్ మీట లేదు. పలక మీద పూత ఎంత సున్నితమో అంతే. వారి చేతిలో ఉన్నది కాలం ఒక్కటే. తలుపు తెరిచి ఉన్నంతసేపూ పక్కనున్న మరో దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని దారాల కూడలిలో నిలిపి ఉంచాలి. చలిరాత్రి, కన్ను రెప్ప వేయడానికి కూడా జంకుతూ. అచ్చయిన ఆ సంపుటాలలోని ఒక్కొక్క అంకె వెనుక అటువంటి నిమిషాలు ఉన్నాయి.

చెవికి, రక్తపోటుకు ఇదే లెక్క

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వద్దాం. ధర్మవరంలో మరమగ్గాల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపిన నేతన్నలు వినికిడి తగ్గి వచ్చేవారు. రోజుకు 8 గంటలు 85 డెసిబెళ్ళకు మించిన చప్పుడు ఏళ్ళ తరబడి వింటే లోచెవిలోని సన్నని రోమకణాలు నశిస్తాయి. మరమగ్గాల షెడ్లు ఆ హద్దును తేలికగా దాటుతాయి. ఆ కణాలు తిరిగి మొలవవు. కొడుకులు వేలు పోసి వినికిడి యంత్రం కొనిస్తారు. నెల తిరిగేసరికి అది బీరువాలో ఉంటుంది. “డాక్టరుగారూ, ఇది పెట్టుకుంటే పళ్ళెం చప్పుడు, ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటో చప్పుడు అన్నీ వినబడతాయి, మా మనవరాలి మాట తప్ప” అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఆ మాటకు మించి గెయిన్‌ను ఎవరూ నిర్వచించలేరు.

అలాగని యంత్రాన్ని వదిలివేయవద్దు. నేటి యంత్రాలను చెవి పరీక్షను బట్టి సర్దవచ్చు. రోజుకు గంట రెండు గంటలతో మొదలుపెట్టి కొన్ని వారాలు ఇస్తే మెదడు అలవాటు పడుతుంది. అంతకంటే ముఖ్యం ఇంట్లోవారి పని. వంటింట్లో నుంచి కేకలు వేయకుండా, టీవీ ఆపి, ఎదుటికి వచ్చి, ముఖం చూస్తూ నెమ్మదిగా మాట్లాడండి. యంత్రం అన్ని చప్పుళ్ళనూ పెంచితే మీరు మాటను ఒక్కదాన్నే పెంచినట్టవుతుంది.

రక్తపోటు విషయమూ ఇంతే. సంతకు వెళ్ళి వచ్చి, ఆయాసంతో కొలుచుకొని, 160 చూసి కంగారుపడి, పది నిమిషాలకొకసారి కొలుచుకుంటూ మరింత పెంచుకునేవారు ఉన్నారు. అది ఒక్క ఫ్రేము. ఐదు నిమిషాలు కూర్చొని, ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు, ఉదయం సాయంత్రం, ఏడు రోజులు కొలవండి. మొదటి రోజు అంకెలు వదిలి మిగిలినవాటి సగటు తీయండి. ఆ సగటును మీ వైద్యునికి చూపండి. ఛాతీ నొప్పి, మాట తడబడడం, కాలు చేయి పడిపోవడం ఉంటే మాత్రం సగటు కోసం ఆగకూడదు; ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. కదిలేవాటికి తక్కువ ఎక్స్‌పోజర్ అన్నది ఇక్కడ ప్రాణం కాపాడే నియమం.

రాత్రి బయటికి వెళ్ళే పెద్దలకు

నాలాగే ఈ వయసులో ఆకాశం మీద మనసుపడ్డ వారికి కొన్ని జాగ్రత్తలు. ఒంటరిగా చేలగట్లకు వెళ్ళకండి. పాములు, తేళ్ళు ఉంటాయి, బూట్లు వేసుకోండి. చేతిదీపానికి ఎర్ర కాగితం చుట్టండి, ఎర్రని వెలుగు కంటి చీకటి అలవాటును అంతగా చెడగొట్టదు. రక్తపోటు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడేవారు వంగి చూసి చటాక్కున లేవకండి, కళ్ళు తిరిగి పడతారు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం పట్టినట్టే. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో చక్కెర పలుకులు ఉంచుకోండి. వారంలో ఒక రాత్రి మేలుకుంటే చాలు, మిగిలిన రాత్రులు నిద్రవే. సూర్యుని వైపు మాత్రం ముందు భాగాన తగిన సౌర వడపోత బిగించకుండా దూరదర్శినిని ఎన్నడూ తిప్పకండి; రెటీనా కాలినప్పుడు నొప్పి కూడా తెలియదు.

నా ఎడమ కన్ను ఎంతకాలం సహకరిస్తుందో నా కంటి వైద్యుడూ చెప్పలేడు. అందుచేత ఈ శీతకాలానికి ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఒక్క రాత్రిలో పది వస్తువుల వెంట పడటం మానేశాను. రాత్రికి ఒక్కటే వస్తువు, మూడు గంటలు. కెమెరా తన పని చేసుకుంటుండగా నేను పక్కన కుర్చీ వేసుకొని ఆకాశం వైపు ఊరకే చూస్తాను. ఎడమ కన్ను నేరుగా చూడలేని మసక చుక్కలు కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తాయి. రాడ్ కణాలు మాక్యులా నడుమ కాక చుట్టూ ఉంటాయి కనుక. అది ఇంకా నాకు మిగిలి ఉన్న ఎక్స్‌పోజర్.

మార్గశిర మాసం వచ్చినప్పుడు గొల్లకావడి పొద్దు గుంకిన కొద్దిసేపటికే తూర్పున లేస్తుంది. ఆ సాయంత్రాలలో ఒకనాడు ఫోను ఇంట్లో పెట్టి, మనవలను వెంటబెట్టుకొని మేడమీదికో పెరట్లోకో వెళ్ళండి. మొదటి ఐదు నిమిషాలలో ఏమీ కనిపించడం లేదని పిల్లలు అంటారు. మరో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఆ తరువాత ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో వారినే లెక్కపెట్టమనండి.